పిల్ల లెక్క వేరే రాయండి

విడిపోయిన భార్యాభర్తల మధ్య పిల్లల పోషణకు నెలకెంత అన్న ప్రశ్న మన దగ్గర రెండు చోట్ల తేలుతుంది: ఫ్యామిలీ కోర్టులో, లేకపోతే పెద్దమనుషుల ముందు. కింది సంవాదంలో ఇద్దరూ ఆ రెండు చోట్లూ ఎరిగినవాళ్ళు. మేనమామ ఖజానా శాఖలో జీతాల బిల్లులు చూసి రిటైరయ్యాడు. బంధువర్గంలో ఎవరి కాపురం చెడినా ఒప్పంద కాగితం రాయడానికి ఆయన్నే పిలుస్తారు. మేనకోడలు గుంటూరు కోర్టుల్లో ప్లీడరు, ఎక్కువగా భరణం కేసులు చూస్తుంది. మావయ్య ఒక పట్టిక రాసుకున్నాడు: ఒక బిడ్డ ఉంటే తండ్రి చేతికొచ్చే జీతంలో 20 శాతం, ఇద్దరుంటే 30. ఇకనుంచి తన చేతి మీదుగా వెళ్ళే కాగితాలన్నీ దాని ప్రకారమే రాయాలని ఆయన కోరిక. ఆమె ఒప్పుకోలేదు. నాకూ ఇందులో ఒక పక్షం ఉంది, అది వచ్చినచోట చెబుతాను.

మేనకోడలు: మావయ్యా, ఈ 20 శాతం ఎక్కణ్ణించి తెచ్చారు?

మేనమామ: టెక్సాస్ చట్టం నుంచి. డాలస్‌లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. అక్కడ కాపురం చెడితే నికర రాబడిలో ఒక బిడ్డకి 20 శాతం, ఇద్దరికి 25, ముగ్గురికి 30. పైన ఒక హద్దు పెట్టారు, ఆ హద్దు దాటిన రాబడి మీద ఈ శాతం దానంతటదే పడదు. అమెరికాలో 1988 చట్టం వచ్చాక ప్రతి రాష్ట్రమూ ఇలాంటి లెక్క ఒకటి పెట్టుకుని తీరాలి. జడ్జి ఆ లెక్క దాటితే ఎందుకు దాటాడో రాయాలి. నాలుగేళ్ళకోసారి దాన్ని సరిచూడాలి. బ్రిటన్‌లో ప్రభుత్వ శాఖే కట్టి ఇస్తుంది: స్థూల రాబడి వారానికి 800 పౌండ్ల దాకా ఒక బిడ్డకి 12 శాతం, ఇద్దరికి 16, ముగ్గురు, ఆపైన ఉంటే 19. ఏడాదిలో బిడ్డ తండ్రి దగ్గర ఎన్ని రాత్రులు ఉందో చూసి అందులో తగ్గింపు. ఇంట్లో కూర్చుని కాగితం మీద కట్టుకోవచ్చు. మన దగ్గర ఏముంది?

మేనకోడలు: ఏమీ లేదనకండి. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం 20వ సెక్షన్ పిల్లల్ని పోషించే బాధ్యత తండ్రి మీదా తల్లి మీదా పెట్టింది. ఎంత అన్నదానికి ఏమేం చూడాలో 23వ సెక్షన్ చెప్పింది: వాళ్ళ హోదా, న్యాయమైన అవసరాలు, ఆస్తి, రాబడి, పోషించాల్సిన వాళ్ళు ఎంతమంది. ఇక మతంతో పనిలేకుండా అందరికీ ఉన్నది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125, 2024 జూలై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. మా కోర్టుల్లో ఎం.సి. అని నంబరు పడేవన్నీ అవే.

మేనమామ: ఏం చూడాలో చెప్పింది గానీ ఎంతో చెప్పలేదు. ఒకే జీతం ఉన్న ఇద్దరు తండ్రులు, ఒకే వయసు పిల్లలు. ఒక కోర్టులో 4,000, ఇంకో కోర్టులో 12,000 వేస్తే, ఆ తేడాకి కారణం ఏ తల్లికి చెప్పి ఒప్పిస్తావు?

మేనకోడలు: చట్టంలో అంకె రాస్తే ఏమవుతుందో మనం చూసినదే కదా. 125వ సెక్షన్ కింద నెలకి 500 దాటకూడదని ఉండేది. 1973లో చట్టం రాసేనాటికి అది ఒక ఇల్లు గడిచే డబ్బు. ఆ హద్దు తీసెయ్యడానికి 2001 దాకా పట్టింది. ఈలోగా కోర్టుకొచ్చిన పిల్లలు ఆ 500 తోనే పెరిగారు.

మేనమామ: అందుకే నేను అంకె రాయలేదు, శాతం రాశాను. డీఏ పెరిగితే బిడ్డ వాటా పెరుగుతుంది. పీఆర్సీ వస్తే అదీ కలుస్తుంది. మళ్ళీ కోర్టు మెట్లెక్కే పనిలేదు.

మేనకోడలు: డీఏ, పీఆర్సీ ఉన్న తండ్రులు ఎంతమంది మావయ్యా? నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళ భర్తలు ఆటో తోలతారు, మిర్చి యార్డులో హమాలీలు, చీటీలు నడుపుతారు, స్థలాల బేరాలు చేస్తారు. వాళ్ళ రాబడి ఎంతంటే వాళ్ళు చెప్పినంత. చెప్పిన రాబడి మీద శాతం కడితే, భరణం ఎంతో ఇచ్చేవాడే నిర్ణయించుకున్నట్టు.

మేనమామ: ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు జీతం తెలిసిన ఇల్లు ఒకటి తీసుకో. అక్కడ నా పట్టిక ఎందుకు పనికిరాదో చూపించు.

మేనకోడలు: సరే, రాయండి. తండ్రి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పన్నూ తప్పనిసరి పీఎఫ్‌ పోగా 90,000. తల్లి గుంటూరులో ప్రైవేటు స్కూల్లో టీచరు, 30,000. పాపకి ఏడేళ్ళు, తల్లి దగ్గర ఉంది. మీ పట్టికలో 18,000 పడుతుంది. నేను పాప దగ్గర్నుంచి మొదలుపెడతాను. స్కూలు ఫీజు ఏడాదికి 60,000, అంటే నెలకి 5,000. బస్సు 1,500. పుస్తకాలు, యూనిఫాం ఏడాదికి 12,000, నెలకి 1,000. పాలు, పళ్ళు, తిండి 5,000. బట్టలు, చెప్పులు 1,000. డాక్టరు, మందులు 1,000. తల్లి ఇంటికొచ్చేదాకా పాపని చూసే ఆవిడకి 1,500. ఇంటద్దెలో పాప భాగం 4,000. మొత్తం 20,000.

మేనమామ: అద్దె ఎంత?

మేనకోడలు: 12,000.

మేనమామ: ఇంట్లో ఇద్దరే ఉంటే పాప భాగం 6,000 కావాలిగా?

మేనకోడలు: అలా సగం వేసేవాళ్ళూ ఉన్నారు. నేను ఇంకోలా అడుగుతాను. పాప లేకపోతే ఈవిడ ఎక్కడ ఉండేది? 8,000 పెట్టి ఒక పోర్షన్ చూసుకునేది. పాప వల్ల పెరిగింది 4,000. క్రాస్‌లో ఎదుటి ప్లీడరు ఎంత తిప్పి అడిగినా నిలబడే అంకె అది. ఇప్పుడు ఈ 20,000 ని తల్లిదండ్రుల రాబడి ప్రకారం పంచాలి. 90,000 కి 30,000, మూడుకి ఒకటి. తండ్రిది 15,000, తల్లిది 5,000. ఇద్దరూ సంపాదిస్తుంటే పిల్లల ఖర్చు సంపాదన నిష్పత్తిలోనే మొయ్యాలని సుప్రీం కోర్టు 2000లో పద్మజా శర్మ కేసులో చెప్పింది. అక్కడ రెండుకి ఒకటిగా పంచారు.

మేనమామ: నా పట్టిక 18,000 ఇస్తుంటే నువ్వు 15,000 ఇప్పించావు. తండ్రి తరఫున వాదిస్తున్నావా ఏమిటి?

మేనకోడలు: ఇంకా ఒక పద్దు రాయలేదు. పాపకి జ్వరమొస్తే స్కూలుకి సెలవు పెట్టేది ఎవరు? పేరెంట్స్ మీటింగుకి వెళ్ళేది, రాత్రి లేచి కూర్చునేది, ఊరు మారాలన్నందుకు మంచి ఉద్యోగం వదులుకున్నది? తల్లి 5,000 డబ్బుగా ఇస్తోంది, దానిమీద మనిషిగా ఇస్తోంది. రాబడి నిష్పత్తిలో ఆ రెండోది కనపడదు. బ్రిటన్ వాళ్ళు రాత్రులు లెక్కపెడతారని మీరే చెప్పారు. వాళ్ళు తండ్రి దగ్గరున్న రాత్రులకి తగ్గించేటప్పుడు, మన లెక్కలో అన్ని రాత్రులూ తల్లి దగ్గరే ఉంటే ఆమె వైపు కొంత వెయ్యాలి కదా. అందుకని నేను తండ్రిని 15,000 దగ్గర వదలను. 18,000 అడుగుతాను.

మేనమామ: తిరిగి తిరిగి నా అంకెకే వచ్చావు!

మేనకోడలు: అంకె కలిసింది, దారి కలవలేదు. ఆయన ఉద్యోగం మారి జీతం 60,000 కి తగ్గిందనుకోండి. మీ పట్టిక పాపకి 12,000 అంటుంది. స్కూలు వాళ్ళు ఫీజు తగ్గిస్తారా? నా లెక్కలో పాప ఖర్చు 20,000 అలాగే ఉంటుంది. 60,000 కి 30,000, రెండుకి ఒకటి. తండ్రిది 13,333, తల్లిది 6,667. దెబ్బ ఇద్దరిమీదా పడుతుంది, ఎంత పడిందో కాగితం మీద కనపడుతుంది. మీ పట్టికలో తండ్రికి తగ్గినంతా తల్లి నెత్తిన పడుతుంది, కానీ అది ఎక్కడా రాసి ఉండదు. మీ కాగితంలో తల్లి భాగానికి గడే లేదు.

మేనమామ: అది నిజమే. తల్లి భాగం నేను రాయలేదు. కానీ నీ పద్ధతిలో ఇంకా పెద్ద లోపం ఉంది, విను. పాప ఖర్చుల జాబితా ఎవరు రాశారు? తల్లి. ఎప్పుడు రాసింది? మొగుడు డబ్బు పంపడం మానేసిన ఏడాదికి. అప్పటికే స్కూలు మార్చింది, పాలు తగ్గించింది, డాన్సు మాన్పించింది. ఆ లేమిలో నడుస్తున్న ఇంటి ఖర్చు చూపించి ఇదే పిల్ల అవసరం అంటున్నావు. తండ్రికి నెలకి 4 లక్షలు వస్తూ ఉండి ఆ పాప ఖర్చు 20,000 అని జాబితా ఉంటే, 20,000 తోనే సరిపెడతావా? ఆ పాప ఆయన ఇంట్లో ఉంటే ఎలా పెరిగేది?

ఇక్కడ నేను మావయ్య పక్షం. బిల్లులు, రసీదులు పోగుచేసి ఖర్చు రుజువు చేయమనడం న్యాయంగానే కనపడుతుంది కానీ, డబ్బు లేక చేయని ఖర్చుకి రసీదు ఉండదు. ఒంటరిగా పిల్లని పెంచుతున్న తల్లి కోర్టులో పెట్టే జాబితా అవసరాన్ని చెప్పదు, ఆమె ఎంతకి సర్దుకుందో చెబుతుంది. ఆ సర్దుబాటునే ప్రమాణంగా తీసుకుంటే డబ్బు ఎగ్గొట్టిన కాలం ఎంత ఎక్కువైతే తండ్రి బాధ్యత అంత తగ్గుతుంది.

మేనకోడలు: దానికి చట్టంలోనే జవాబు ఉంది. న్యాయమైన అవసరాల కంటే ముందు హోదా అన్న మాట రాశారు. తండ్రి ఏ స్థాయిలో బతుకుతున్నాడో బిడ్డకీ ఆ స్థాయి దక్కాలి. ఆకలి తీరితే చాలదు.

మేనమామ: హోదాని అంకెల్లోకి ఎలా మారుస్తావు? మళ్ళీ శాతమే కావాలి. మన ఢిల్లీ హైకోర్టే 2004లో ఒక దారి చూపింది. ఇంటి రాబడి అంతా ఒకచోట వేసి వాటాలు చెయ్యమంది. సంపాదించేవాడికి పనికి వెళ్ళిరావడానికి అదనపు ఖర్చు ఉంటుంది కాబట్టి రెండు వాటాలు, మిగతావాళ్ళకి తలా ఒకటి. నీ ఇంటికే కట్టి చూద్దాం. తల్లికీ ఉద్యోగం ఉంది కాబట్టి ఆమెకీ రెండు వేస్తాను. 1,20,000 ని అయిదు భాగాలు చేస్తే పాపకి 24,000. నీ జాబితా కన్నా 4,000 ఎక్కువ. ఆ 4,000 ఏమిటంటావా? మాన్పించిన డాన్సు, వేసవిలో ఒక ఊరు, ఆవిడ రాయడానికి మొహమాటపడ్డ ఖర్చులు.

మేనకోడలు: ఇది బావుంది. జాబితా అడుగు చూపిస్తుంది, వాటా పైకప్పు చూపిస్తుంది. రెండూ కోర్టులో పెడతాను. కానీ శాతం ఒక్కటే పెడితే ప్రమాదం ఎక్కడో చెబుతాను. 2017లో సుప్రీం కోర్టు ఒక కేసులో భార్యకి భర్త నికర జీతంలో 25 శాతం సబబని అంది. 95,527 రూపాయల నికర జీతం మీద 20,000 వేసింది. అది ఆ కేసు సంగతులు చూసి చెప్పిన మాట. ఇప్పుడు ఎవరిని అడిగినా చట్టం 25 శాతం అంటోంది అంటారు. పోనీ అది భార్యకి అనుకుంటే బిడ్డకి వేరే ఉండాలి కదా. ఉండదు. ఆ పాతికలోనే భార్యనీ ఇద్దరు పిల్లల్నీ ఇరికించి, అంతకన్నా ఎక్కువ అడిగితే చట్టం ఒప్పుకోదంటారు. మీలాంటి పెద్దమనుషులు రాసే కాగితాల్లోనూ చూశాను: "భార్యాబిడ్డల మనోవర్తి నిమిత్తం నెలకు ఇంత". తల్లికెంత, పిల్లకెంత?

మేనమామ: ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. విడగొట్టి రాస్తే ఏం ఒరుగుతుంది?

మేనకోడలు: చాలా ఒరుగుతుంది. రేపు తల్లికి మంచి ఉద్యోగం వస్తే ఆయన మొత్తం తగ్గించమని వేస్తాడు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొత్తం ఆపేస్తాడు. ఆమె మీద నింద వేసి గెలిస్తే, ఆమె భరణంతో పాటు బిడ్డదీ పోతుంది. బిడ్డ హక్కు తల్లి నడవడి మీదా, ఉద్యోగం మీదా, పెళ్ళి మీదా ఆధారపడకూడదు. వేరే వరసలో వేరే అంకెగా ఉంటే ఆ వరస ఎవరూ ముట్టుకోలేరు. రజ్నేష్, నేహా కేసు చూడండి. దేశం మొత్తానికి భరణం ఎలా నిర్ణయించాలో 2020 నవంబర్ 4న చెప్పిన తీర్పు అది. ఇద్దరు జడ్జీల్లో జస్టిస్ సుభాష్ రెడ్డిగారు మన మెదక్ జిల్లావారే. ఆ కేసులో నాగపూర్ ఫ్యామిలీ కోర్టు భార్యకి 15,000 వేసింది. కొడుక్కి విడిగా 2013 సెప్టెంబర్ నుంచి 5,000, రెండేళ్ళ తర్వాత 2015 సెప్టెంబర్ నుంచి 10,000. పిల్లవాడు ఎదుగుతున్నాడని ఆ వరస చూస్తేనే తెలుస్తుంది. కలిపి 20,000 అని రాసి ఉంటే అది కనపడేదా?

మేనమామ: కేసు 2013లో వేస్తే సుప్రీం కోర్టు దగ్గర తేలింది 2020లో. నెలల పిల్లవాడు రెండో తరగతికి వచ్చి ఉంటాడు. నా పట్టిక అయితే ఆ ఏడేళ్ళు ఎందుకు?

మేనకోడలు: ఆ ఆలస్యానికి ఆ తీర్పే మందు రాసింది. భరణం తీర్పు వచ్చిన రోజు నుంచి కాకుండా దరఖాస్తు వేసిన రోజు నుంచి ఇవ్వాలంది. వాయిదాలు లాగినందువల్ల ఇచ్చేవాడికి లాభం లేకుండా పోయింది. ఇద్దరూ ఆస్తిపాస్తులు, అప్పులు, రాబడి అఫిడవిట్‌లో ప్రమాణం చేసి చెప్పాలంది. ఎదుటివాళ్ళకి నాలుగు వారాలు గడువు, రెండు వాయిదాలకి మించి ఇవ్వొద్దంది. అఫిడవిట్లు పడ్డాక నాలుగు నుంచి ఆరు నెలల్లో మధ్యంతర భరణం తేల్చడానికి చూడాలంది. మీరు తర్వాత మాట్లాడదామన్న రాబడి సంగతి ఇప్పుడు చూద్దాం. ఆ తీర్పుకి జతచేసిన అఫిడవిట్ నమూనాల్లో ఒకటి రైతుల కోసం ప్రత్యేకం. ఎంత భూమి, సొంతమా కౌలా, ఏ పంట, పశువులెన్ని, అప్పులెంత. పల్నాడు కేసుల్లో అది నాకు చాలా పనికొస్తుంది. "ఎకరాకి ఏం మిగలడం లేదండీ" అని బోనులో చెప్పే రైతుని, భూమి రికార్డులు 1-బి, అడంగల్ పెట్టి అడుగుతాను. మిర్చి అయితే కోల్డ్ స్టోరేజీ బాండు ఎవరి పేరున ఉందో అడుగుతాను.

మేనమామ: తమ్ముడి పేరున ఉంటుంది.

మేనకోడలు: ఉంటుంది. అప్పుడు ఖర్చు వైపు చూస్తాను. బైకు ఏ సంవత్సరం కొన్నాడు, బ్యాంకు ఖాతాలోకి ఎంత వచ్చింది, చీటీకి నెలకెంత కడుతున్నాడు. రాబడి దాచగలడు, ఖర్చు మొత్తం దాచలేడు. అయినా చెప్పకపోతే కోర్టు అతనికి వ్యతిరేకంగా ఊహించుకోవచ్చు. తన రాబడి తనకే తెలిసిన సంగతి కాబట్టి రుజువు భారం అతని మీదే పెట్టొచ్చు. పనేమీ లేదండీ అన్నా వదలరు. 2022లో సుప్రీం కోర్టు అంజూ గార్గ్ కేసులో చెప్పిందేమిటంటే, ఒంట్లో శక్తి ఉన్నవాడు కూలి చేసైనా పోషించాలని. ఇక రోజు కూలీలు, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళు ఈ అఫిడవిట్ వెయ్యనక్కర్లేదు.

మేనమామ: అంటే నీ కేసుల్లో సగం మందికి ఆ అఫిడవిట్ లేదు. వాళ్ళకి దేని ప్రకారం కడతారు? ఆ ఊళ్ళో కూలి రేటు, నెలలో దొరికే పనిదినాలు, అందులో ఇంత. చివరికి అదీ శాతమే. బాగా సంపాదించేవాడికి నువ్వు చెప్పినట్టు జాబితా, అఫిడవిట్, వాదన అన్నీ కావాలి. రోజుకింత అని బతికేవాడికి మాత్రం పట్టిక కావాలి. ఆ తల్లి ఒక పూట కోర్టుకి వస్తే ఆ పూట కూలి పోతుంది. వాయిదాకి వచ్చిన ప్రతిసారీ పోతుంది.

మేనకోడలు: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే పేదవాళ్ళ కేసుల్లో విచారణ ఖర్చు వచ్చే భరణాన్ని తినేస్తుంది. అయితే అక్కడ పట్టికలో శాతం మాత్రమే చాలదు, కింద ఒక హద్దు కూడా కావాలి. కూలి ఎంతైనా సరే బిడ్డకి ఇంతకన్నా తగ్గకూడదని.

మేనమామ: రాస్తాను. ఇప్పుడు నీ సాఫ్ట్‌వేర్ తండ్రి దగ్గరికి రా. 90,000 అన్నావు. ఆయన పే స్లిప్పు పట్టుకొచ్చి నాకు చేతికొచ్చేది 41,000 అంటాడు. ఇంటి లోను ఈఎంఐ 32,000, కారు 12,000, పాలసీ 5,000. నా పట్టికలో చేతికొచ్చే జీతం అని రాశాను. దానికేమంటావు?

మేనకోడలు: ఆ మాట ఇప్పుడే కొట్టెయ్యండి. చట్టం ప్రకారం తప్పనిసరిగా పోయేది తీసెయ్యొచ్చు: ఆదాయపు పన్ను, కట్టి తీరాల్సిన పీఎఫ్. తనంతట తాను తీసుకున్న అప్పు, చేసుకున్న పొదుపు తీసెయ్యకూడదు. ఇల్లు ఆయన ఆస్తి అవుతోంది, పాలసీ ఆయన పొదుపు. బిడ్డ పాలడబ్బుతో ఆస్తి కొంటే ఎలా? చాలా హైకోర్టులు ఇదే మాట అన్నాయి. నోటీసు అందాక కొత్తగా లోను తీసుకున్నవాళ్ళనీ చూశాను. ఒక్కటి మాత్రం చూడాలి. ఆ ఈఎంఐ కడుతున్న ఇంట్లోనే తల్లీ పాపా ఉంటే, అద్దె పద్దు పోతుంది, ఈఎంఐలో కొంత లెక్కలోకి వస్తుంది.

మేనమామ: ముసలి తల్లిదండ్రులు?

మేనకోడలు: వాళ్ళని పోషించడం కూడా చట్టం పెట్టిన బాధ్యతే, చూడాల్సిందే. కాని వాళ్ళకి పెన్షన్ ఉందా, పొలం ఉందా, ఇంకో కొడుకు ఉన్నాడా అని కూడా చూడాలి.

మేనమామ: ఇంటర్మీడియట్ సంగతి చెప్పు. నా దగ్గరికి వచ్చే తగువుల్లో పెద్దది అదే. తల్లి పిల్లని హాస్టల్ కాలేజీలో చేర్పిస్తుంది, ఏడాదికి లక్షన్నర. నన్ను అడక్కుండా చేర్చింది, నేనెందుకు కట్టాలి అంటాడు తండ్రి.

మేనకోడలు: కోచింగు, అదనపు చదువుల ఖర్చు బిడ్డ భరణంలో కలపొచ్చని, అయితే మరీ విపరీతంగా ఉండకూడదని 2020 తీర్పులోనే ఉంది. మన జిల్లాల్లో పదో తరగతి అయ్యాక ఇలాంటి కాలేజీ మామూలు సంగతి. ఆయన అన్న కొడుకు ఏ కాలేజీలో చదివాడో అడుగుతాను. ఇంటి పిల్లలందరూ చదివినచోట ఈ పిల్ల చదివితే విపరీతం ఎలా అవుతుంది? కానీ చేర్చేముందు తండ్రికి ఒక మెసేజైనా పెట్టమని నా క్లయింట్లకి గట్టిగా చెబుతాను. ఇంతకన్నా పెద్ద గొయ్యి తర్వాత ఉంది. 18 నిండగానే 144 (పాత 125) కింద భరణం ఆగిపోతుంది. మన పిల్లలకి 18 ఎప్పుడు నిండుతాయి?

మేనమామ: ఇంజనీరింగ్ మొదటి ఏడు.

మేనకోడలు: అవును. ఫీజులు పెద్దవయ్యేది అప్పుడే. ఆడపిల్లకి పెళ్ళయ్యేదాకా 1956 చట్టం కింద అడిగే హక్కుంది, 2020లో అభిలాష కేసులో సుప్రీం కోర్టు అది స్పష్టం చేసింది. దానికి వేరే దావా వెయ్యాలి. మగపిల్లవాడికి ఆ దారి కూడా లేదు. పోషణ 18 దాకా తప్పనిసరి చేసి, కోర్టు తలుచుకుంటే 25 దాకా పొడిగించేలా చట్టం తెమ్మని లా కమిషన్ 2015లో సిఫారసు చేసింది. ఇంకా చట్టం కాలేదు. కానీ మీ కాగితానికి ఆ అడ్డు లేదు మావయ్యా. ఒప్పందంలో డిగ్రీ పూర్తయ్యేదాకా అని రాయించొచ్చు. కోర్టు ఇవ్వలేనిది పెద్దమనుషులు ఇవ్వగలిగిన చోటు అది.

మేనమామ: రాయించడం ఒక ఎత్తు, కట్టించడం ఒక ఎత్తు. మూడు నెలలు కట్టి మానేస్తారు.

మేనకోడలు: ఎం.సి. ఆర్డరు ఉంటే వారంటు అడగొచ్చు. ఎగ్గొట్టిన ఒక్కో నెలకీ నెల దాకా జైలు. జైల్లో ఉన్నంత మాత్రాన బాకీ తీరదు. బాకీ పడిన ఏడాదిలోపు అడగాలి, ఇది చాలామందికి తెలియక పాత బకాయిలు పోగొట్టుకుంటున్నారు. జీతగాడైతే జీతం అటాచ్ చేయించొచ్చు. భరణం డిక్రీకి జీతంలో మూడో వంతు మాత్రమే మినహాయింపు, మిగతా రెండు వంతుల దాకా పట్టొచ్చు. మామూలు అప్పుకి అంత పట్టడానికి లేదు.

మేనమామ: వచ్చే ఆదివారం ఒక పంచాయితీ ఉంది. పాపకి నాలుగేళ్ళు. తండ్రి ఒకేసారి 12 లక్షలు ఇచ్చేస్తానంటున్నాడు, తల్లికీ పిల్లకీ కలిపి. ఇకముందు ఎలాంటి హక్కులూ లేవని రాసుకుందామంటున్నారు. నెలనెలా వెంటపడే బాధ లేదు కదా అని తల్లి వైపువాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

మేనకోడలు: 12 లక్షలు బ్యాంకులో వేస్తే 7 శాతం మీద నెలకి 7,000. నాలుగేళ్ళ పాప 18 ఏళ్ళదయ్యేదాకా 14 ఏళ్ళు అదే 7,000. ఇద్దరికీ కలిపి. అసలు ముట్టుకుంటే అదీ ఉండదు. ఇప్పుడు ఎల్కేజీ ఫీజుకి సరిపోయేది ఎనిమిదో తరగతికి ఏమూలకి? ఈమధ్య 2025లో సుప్రీం కోర్టు ఒక భార్యకి నెలకి 50,000 వేస్తూ రెండేళ్ళకోసారి 5 శాతం పెంచాలని కూడా రాసింది. పెద్దవాళ్ళ భరణానికే పెంపు రాస్తుంటే, ఏటా తరగతి మారే పిల్లకి పెంపు లేకుండా ఎలా?

మేనమామ: నెలనెలా ఇమ్మంటే ఇవ్వడని వాళ్ళ భయం. అది ఉత్త భయం కాదు, నేనూ అతన్ని ఎరుగుదును. చేతికొచ్చిన 12 లక్షలు కాదనుకుని కోర్టులో ఆర్డరు తెచ్చుకుంటే, అటాచ్ చెయ్యడానికి అతనికి జీతం లేదు. వ్యాపారం అన్న పేరున ఉంది.

మేనకోడలు: అయితే మొత్తం తీసుకోండి, కాని రెండు ముక్కలు చెయ్యండి. తల్లిది తల్లికి. పాపది పాప పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్, వడ్డీ నెలనెలా తల్లి ఖాతాలోకి, అసలు పద్దెనిమిది నిండేదాకా ఎవరూ తియ్యకుండా. హక్కులు లేవన్న వాక్యం తల్లి వరకే రాయండి. పాప హక్కు తల్లి సంతకంతో పోదు. రేపు ఆ డబ్బు చాలకపోతే పాప తరఫున మళ్ళీ కేసు వెయ్యొచ్చు, మీ కాగితం చూపించి కోర్టు ఆపదు.

మేనమామ: ఆ మాట అక్కడ చెబితే అతను లేచి వెళ్ళిపోతాడు. అన్నీ తెగిపోతాయనే ఇస్తున్నాడు ఆ డబ్బు.

మేనకోడలు: చెప్పకుండా సంతకం పెట్టిస్తే, పదేళ్ళ తర్వాత మీరు మోసం చేశారంటాడు. ముందే చెప్పండి. పాప భాగానికి విడిగా అంకె అడగండి, అది ఎంతో అతని నోటితోనే చెప్పించండి.

మేనమామ: చెప్పిస్తాను. 12 లో పాపకి ఎంత అడగమంటావు?

మేనకోడలు: 12 లోంచి ఎందుకు తియ్యాలి? ఆ 12 తల్లిది. పాపది దాని పైన. ఎల్కేజీ నుంచి మొదలుపెట్టి ఒక్కో తరగతికీ ఎంతవుతుందో రాద్దాం, కాగితం తీసుకోండి.